ఈ మీసాల పిల్ల ఎవరిది?

పటాన్‌చెరు, బొల్లారం, రామచంద్రాపురం, సంగారెడ్డి కాలనీల్లో అక్వేరియం ఉన్న ఇళ్ళు చాలానే కనిపిస్తాయి. గోల్డ్‌ఫిష్‌లు, గప్పీలు, మోలీలు, అద్దానికి అతుక్కుని ఉండే ఒక సక్కర్. నీళ్ళు మార్చేటప్పుడో, ఫిల్టర్ స్పాంజి పిండేటప్పుడో ఒక్కోసారి ఎవరూ కొనని చేపపిల్ల ఒకటి బయటపడుతుంది. గోరంత ఒళ్ళు, మూతి దగ్గర సన్నని మీసాలు, పొలుసుల జాడ లేదు. వెలుతురు పడగానే రాయి కిందికి దూరిపోతుంది. ఇది ఎక్కడిది, ఏ జాతిది అని ఇంట్లో అందరూ తొట్టి చుట్టూ చేరతారు.

ఆ ప్రశ్నకు జవాబు చాలాసార్లు ఇంట్లోనే దొరుకుతుంది. భూతద్దం, ఫోన్ కెమెరా, కొంచెం ఓపిక ఉంటే చాలు. జవాబు కనుక్కోవడం అవసరం కూడా. మీసాల చేపల్లో అరచేతి పొడవు దాటకుండా జీవితమంతా తొట్టిలోనే బతికేవి ఉన్నాయి, మీటరు దాటి పెరిగేవీ ఉన్నాయి. కొన్ని మన చెరువుల్లో తరతరాలుగా ఉన్నవి, కొన్ని చెరువులోకి వెళ్తే తిరిగి తీయలేనివి. గోరంత వయసులో ఇవన్నీ ఇంచుమించు ఒక్కలాగే ఉంటాయి. దాన్ని ఉంచుకోవాలా, ఎవరికైనా ఇవ్వాలా, ఏం పెట్టాలి అన్నవన్నీ దాని పేరు తెలిసాకే తేలతాయి.

ముందు అది క్యాట్‌ఫిష్ అవునా, కాదా

ప్రపంచంలో క్యాట్‌ఫిష్ జాతులు 4,000 దాకా ఉన్నాయి. వీటన్నిటికీ ఉమ్మడి లక్షణాలు కొన్ని ఉన్నాయి. ఒంటిమీద పొలుసులు ఉండవు. చర్మం నున్నగా ఉంటుంది, లేదా ఎముక పలకలు కవచంలా కప్పి ఉంటాయి. మూతి చుట్టూ మీసాలు ఉంటాయి. ఆ మీసాల నిండా రుచి తెలిసే కణాలు ఉండటం వల్ల బురద నీటిలో, చీకట్లో కూడా చేప తిండిని కనిపెట్టగలదు. చాలా జాతుల్లో వెన్ను రెక్కకూ, మొప్పల వెనక ఉండే భుజపు రెక్కలకూ ముందు అంచున గట్టి ముల్లు ఉంటుంది. ప్రమాదం అనిపిస్తే చేప ఆ ముళ్ళను నిలబెట్టి బిగించేస్తుంది. వలలో చిక్కిన జెల్లను విడిపించేటప్పుడు జాలరులు జాగ్రత్త పడేది అందుకే.

మీసాలున్న ప్రతిదీ క్యాట్‌ఫిష్ కాదు. బంగారు తీగకు, అంటే కామన్ కార్ప్‌కు, రెండు జతల పొట్టి మీసాలుంటాయి. కానీ దానికి ఒంటినిండా పొలుసులు. అక్వేరియం షాపుల్లో అమ్మే లోచ్‌లకూ మీసాలుంటాయి. అవి సన్నగా పాములా మెలికలు తిరుగుతాయి, వాటి భుజపు రెక్కల్లో గట్టి ముల్లు ఉండదు. ఈ రెండూ కాదని తేలితే మీ దగ్గర ఉన్నది క్యాట్‌ఫిష్ పిల్లే అనుకోవచ్చు.

వచ్చిన దారే మొదటి ఆధారం

చేపను చూసే ముందు తొట్టి చరిత్రను గుర్తు చేసుకోవాలి. పిల్ల తొట్టిలోనే పుట్టిందా, బయటనుంచి వచ్చిందా? సగం జాతులు ఈ ఒక్క ప్రశ్నతోనే తొలగిపోతాయి.

తొట్టిలో గుడ్లు పెట్టి పిల్లల్ని చేసే క్యాట్‌ఫిష్‌లు కొన్నే. వాటిలో మొదటిది కోరిడోరస్. హాబీ ఉన్నవాళ్ళు ముద్దుగా కోరీ అంటారు. ఆడ కోరీ గుడ్లను పొట్ట కింది రెక్కల మధ్య పట్టుకుని తెచ్చి అద్దానికో, ఆకులకో అంటిస్తుంది. వారం లోపే పొదిగిపోతాయి. పెద్ద చేపలు చాలా గుడ్లను తినేస్తాయి. మిగిలిన ఒకటి రెండు పిల్లలు గులకరాళ్ళ సందుల్లో సూక్ష్మజీవుల్ని తింటూ, ఎవరి కంటా పడకుండా పెరుగుతాయి. గుడ్లు చూడని ఇంట్లో పిల్ల కనిపించడం అందుకే.

రెండోది ఆన్సిస్ట్రస్. మగచేప మూతిమీద కుచ్చులు మొలిచే చిన్న సక్కర్ ఇది. చెక్క తొర్రలోనో, పైపు ముక్కలోనో ఆడచేప గుడ్లు పెట్టి వెళ్ళిపోతుంది. మగచేప అక్కడే కూర్చుని రెక్కలతో నీటిని విసురుతూ కాపలా కాస్తుంది. పొదిగిన పిల్లలకు కొన్ని రోజులపాటు పొట్ట కింద నారింజ రంగు సొన సంచి వేలాడుతుంది. అది కరిగాక ఒక రాత్రి గుంపుగా అద్దం మీదికి వస్తాయి.

మూడో దారి వింతైనది. ఆఫ్రికాలోని టాంగన్యీకా సరస్సులో సైనోడాంటిస్ మల్టీపంక్టేటస్ అనే చుక్కల క్యాట్‌ఫిష్ ఉంది. ఆ సరస్సులోని సిక్లిడ్ చేపల తల్లులు గుడ్లను నోట్లో దాచుకుని పొదుగుతాయి. సిక్లిడ్ గుడ్లు పెడుతుండగా ఈ చుక్కల జంట మధ్యలో చొరబడి, దొరికిన గుడ్లు తిని, తమ గుడ్లు వదులుతుంది. తల్లి కంగారులో వాటిని కూడా నోట్లోకి తీసుకుంటుంది. క్యాట్‌ఫిష్ పిల్లలు ముందుగా పొదిగి, ఆ నోట్లోనే సిక్లిడ్ పిల్లల్ని తింటూ పెరుగుతాయి. జపాన్ శాస్త్రవేత్త తెత్సు సాటో 1986లో ఈ సంగతిని ‘నేచర్’ పత్రికలో వెల్లడించాడు. కోకిల కాకి గూట్లో గుడ్లు పెట్టినట్టే కాబట్టి దీనికి కోకిల క్యాట్‌ఫిష్ అనే పేరు పడింది. సిక్లిడ్ తొట్టిలో ఈ జాతి కూడా ఉంటే, తల్లి నోట్లోంచి మీసాల పిల్ల బయటికి రావచ్చు.

ఈ మూడూ కాకపోతే పిల్ల బయటనుంచి వచ్చిందనే అనుకోవాలి. షాపులో వల వేసినప్పుడు కొన్నవాటితో పాటు కవర్లో పడి ఉండవచ్చు. కొత్తగా కొన్న చెక్క మొద్దు తొర్రలో దాక్కుని రావచ్చు. అన్నిటికంటే గమనించాల్సిన దారి మరొకటుంది. తొట్టిలో వేయడానికి చెరువు నుంచి తెచ్చిన నాచు, హైడ్రిల్లా తీగలు. వాటి మధ్య మన చెరువు చేపల గుడ్లో పిల్లలో ఉండే అవకాశం ఎప్పుడూ ఉంటుంది. అప్పుడు మీ తొట్టిలో ఉన్నది అమెజాన్ చేప కాదు, అమీన్‌పూర్ పక్క చెరువుదే కావచ్చు.

గాజు సీసాలో నాలుగు ప్రశ్నలు

పిల్లను చేత్తో పట్టుకోవద్దు. దాని ముళ్ళు వలలో చిక్కితే రెక్కలు చిరుగుతాయి కాబట్టి వల కూడా వద్దు. ఒక గాజు గ్లాసును నీటిలోకి దించి, పిల్లను మెల్లగా అందులోకి తోలాలి. తొట్టి నీటితోనే ఒక పలుచటి గాజు సీసా నింపి అందులోకి మార్చాలి. సీసా వెనక తెల్ల కాగితం పెట్టి, పక్కనుంచి, పైనుంచి, కిందినుంచి ఫోటోలు తీయాలి. పిల్ల కదలకుండా నిలిచే క్షణం కోసం కాసేపు ఆగాలి. అయిదు నిమిషాల్లో పని ముగించి తిరిగి తొట్టిలో వదలాలి. ఇక చూడాల్సినవన్నీ ఫోటోల్లోనే పెద్దవి చేసి చూడవచ్చు.

మొదటి ప్రశ్న: మూతి ఎక్కడ, ఎలా ఉంది? తల కింద గుండ్రని పెదవితో, అద్దాన్ని పట్టుకునేలా ఉంటే సక్కర్ల కుటుంబం. తల చివర అడ్డంగా చీలి ఉంటే మిగతా కుటుంబాల్లో ఏదో ఒకటి.

రెండో ప్రశ్న: మీసాలు ఎన్ని జతలు? ముక్కు దగ్గర, పైదవడ కొసన, గడ్డం కింద విడివిడిగా లెక్కపెట్టాలి. నాలుగు జతలుంటే జెల్ల, మార్పు, ఇంగిలాయి వంటి కుటుంబాలు. రెండే జతలుంటే వాలుగ, లేదా పంగాసియస్ అనే పెద్ద క్యాట్‌ఫిష్ వైపు చూడాలి. గడ్డం మీసాలు కొమ్మలు వేసి ఉంటే సైనోడాంటిస్.

మూడో ప్రశ్న: వెన్ను రెక్క పొడవెంత? దాని వెనక, తోకకు ముందు, చువ్వలు లేని మెత్తటి కొవ్వు రెక్క ఉందా?

నాలుగో ప్రశ్న: ఒంటిమీద పలకలు ఉన్నాయా? ఉంటే ఎన్ని వరసలు? కోరీలకు ఒక్కో పక్క రెండే వరసలు, ఒకదానిమీద ఒకటి. సక్కర్లకు అంతకంటే ఎక్కువ వరసలు.

రంగును మాత్రం చివరికి వదిలేయాలి. పిల్లల రంగు పెద్దవాటికి ఉండదు. పంగాసియస్ పిల్లకు నల్ల చారలు ఉంటాయి, పెరిగాక మాయమవుతాయి. కోరీ పిల్లలకు మచ్చలు వస్తాయి, పోతాయి. తెల్లగా ఎర్ర కళ్ళతో ఉండే పిల్ల ఆన్సిస్ట్రస్ కావచ్చు, పెద్ద సక్కర్ కావచ్చు. రెండింటిలోనూ తెల్లవాటిని పెంచి అమ్ముతున్నారు. పొదిగిన కొత్తలో రెక్కలు కూడా విడిపోయి ఉండవు. వెన్ను నుంచి తోక చుట్టూ తిరిగి పొట్టదాకా ఒకే పలుచటి పొర ఉంటుంది. అందులోంచే రెక్కలు ఒక్కొక్కటీ ఏర్పడతాయి. మరీ చిన్న పిల్ల అయితే రెండు మూడు వారాలు పెరగనిచ్చి మళ్ళీ ఫోటో తీయడమే సరైన పద్ధతి.

సక్కర్లలో పెద్ద చిక్కు

మన దగ్గర ఎక్కువగా గందరగోళం వచ్చేది సక్కర్ల దగ్గరే. షాపుల్లో ‘ట్యాంక్ క్లీనర్’ అని అమ్మే రెండంగుళాల చేప చాలాసార్లు టెరిగాప్లిక్తిస్ ప్రజాతిది. అది అరమీటరు దాకా పెరుగుతుంది. ఆన్సిస్ట్రస్ మాత్రం జానెడు కూడా దాటదు. రెండింటి పిల్లలూ గోధుమ రంగులో, మచ్చలతో, అద్దానికి అతుక్కునే ఉంటాయి. ఆన్సిస్ట్రస్ మూతి కుచ్చులు పెద్దయ్యాకే వస్తాయి కనుక పిల్లల్లో వాటికోసం వెతికి లాభం లేదు.

తేడా వెన్ను రెక్కలో ఉంటుంది. చేప రెక్క నిలబెట్టినప్పుడు ఫోటో తీసి, మొదటి ముల్లును వదిలి, వెనకున్న చువ్వల్ని లెక్కపెట్టాలి. ఆన్సిస్ట్రస్‌కు సాధారణంగా 7. టెరిగాప్లిక్తిస్‌కు 10 లేదా అంతకంటే ఎక్కువ, అందుకే దాని రెక్క తెరచాపలా ఎత్తుగా, పొడుగ్గా కనిపిస్తుంది. మూతి అంచు కూడా చూడండి. ఆన్సిస్ట్రస్ మూతి కొసన పలకలు లేని మెత్తటి చర్మం ఉంటుంది.

పుట్టుక సంగతి ఇక్కడ మళ్ళీ పనికొస్తుంది. టెరిగాప్లిక్తిస్ గట్టుమట్టిలో లోతుగా బొరియ తవ్వి అందులో గుడ్లు పెడుతుంది. ఇంటి తొట్టిలో దానికి ఆ వీలు లేదు. కాబట్టి సొన సంచితో, గుంపుగా, మీ తొట్టిలోనే పుట్టిన సక్కర్ పిల్లలు ఆన్సిస్ట్రస్‌వే అని దాదాపు తేల్చుకోవచ్చు. ఒంటరిగా, కొత్త కవర్‌తో పాటు వచ్చిన పిల్ల అయితే చువ్వలు లెక్కపెట్టక తప్పదు.

మన నీళ్ళ పిల్ల అయితే

చెరువు నాచుతో వచ్చిన పిల్లకు నాలుగు జతల మీసాలు, పొట్టి వెన్ను రెక్క, దాని వెనక కొవ్వు రెక్క ఉంటే అది జెల్ల. పైదవడ మీసాలు ఒంటి సగం దాటి వెనక్కి వెళ్తాయి. చారల జెల్లను మార్కస్ బ్లాక్ అనే జర్మన్ శాస్త్రవేత్త 1794లోనే వర్ణించాడు. దాని శాస్త్రీయ నామం మిస్టస్ విట్టేటస్.

వెన్ను రెక్క చిన్న కుచ్చులా ఉండి, ఆసన రెక్క మాత్రం పొట్ట నుంచి తోకదాకా సాగి ఉంటే ఇంగిలాయి. దాని భుజపు ముల్లులో విషం ఉంటుంది. పిల్లనైనా తాకవద్దు. ఒకవేళ గుచ్చుకుంటే, కాలనంత వేడి నీటిలో చేయి ఉంచితే నొప్పి తగ్గుతుంది, ఆ విషంలోని ప్రోటీన్లు వేడికి చెడిపోతాయి. ఆ తర్వాత డాక్టరుకు చూపించుకోవాలి.

వెన్ను రెక్క కూడా తల వెనక నుంచి తోకదాకా సాగి ఉంటే అది మార్పు జాతి. ఇక్కడ అసలైన జాగ్రత్త అవసరం. మన మార్పు, క్లారియస్ మాగుర్, అంతరించే ప్రమాదంలో ఉన్నట్టు అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంఘం (ఐయూసీఎన్) గుర్తించిన చేప. దాని చుట్టమైన ఆఫ్రికన్ క్యాట్‌ఫిష్, క్లారియస్ గరీపినస్, భారతదేశంలో పెంపకం నిషేధించినది. అయినా తెలంగాణలో దొంగచాటు చెరువుల మీద అధికారులు దాడులు చేస్తూనే ఉన్నారు. పెద్ద చేపల్లో తల వెనక ఎముక కొన చూసి తేడా చెబుతారు: మార్పులో గుండ్రంగా, ఆఫ్రికన్ రకంలో కోణంగా ఉంటుంది. పిల్లల్లో ఆ ఎముక స్పష్టంగా కనిపించదు. కాబట్టి ఫోటో చూసి ఇది మన మార్పే అని ఎవరు చెప్పినా నమ్మి చెరువులో వేయకూడదు.

ఈ రెండు చేపలకూ మొప్పల పైన కాలీఫ్లవర్ పువ్వులాంటి అవయవం ఉంటుంది. దాంతో అవి గాలిని నేరుగా పీలుస్తాయి. ఇంగిలాయికి మొప్పల నుంచి వెనక్కి సాగే గాలి సంచులు, కోరీకి పేగు, టెరిగాప్లిక్తిస్‌కు జీర్ణకోశం అదే పని చేస్తాయి. పిల్ల ఉన్నట్టుండి పైకి దూసుకొచ్చి గాలి మింగి కిందికి పోతుంటే జబ్బు చేసిందని భయపడనక్కర్లేదు. కానీ ఈ గుణమే చెరువులో ఇంకో అర్థం తెచ్చుకుంటుంది. ఆక్సిజన్ తగ్గిన నీటిలో బొచ్చె, రవ్వ చచ్చిపోతాయి. గాలి పీల్చేవి మిగులుతాయి.

నీరే సాక్ష్యం చెబుతుంది

కంటికి తేలని చోట డీఎన్ఏ తేలుస్తుంది. కెనడాలోని గ్వెల్ఫ్ విశ్వవిద్యాలయానికి చెందిన పాల్ హెబర్ట్ బృందం 2003లో డీఎన్ఏ బార్‌కోడ్ పద్ధతిని ప్రతిపాదించింది. కణాల్లోని మైటోకాండ్రియాలో ఉండే ఒక జన్యువులో సుమారు 650 అక్షరాల ముక్కను చదివితే జాతిని గుర్తించవచ్చన్నది దాని సారం. గుడ్డుకైనా, గోరంత పిల్లకైనా, మీటరు చేపకైనా ఆ ముక్క ఒకటే. ఒక పరిమితి ఉంది. మైటోకాండ్రియా తల్లి నుంచే వస్తుంది కాబట్టి సంకర జాతి పిల్లలో తండ్రి జాడ ఇందులో కనిపించదు. బయటి దేశాల్లో స్థిరపడిన టెరిగాప్లిక్తిస్‌లలో రెండు జాతుల లక్షణాలు కలిసినవి చాలా ఉండటం వల్ల ఈ పరిమితిని గుర్తుంచుకోవాలి.

హైదరాబాద్‌లోని సీసీఎంబీ పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు ఇంకో అడుగు ముందుకు వేశారు. చేప నీటిలో తిరిగేటప్పుడు చర్మం నుంచి, జిగురు నుంచి, మలం నుంచి కణాలు రాలుతుంటాయి. చెరువు నీటిని వడగట్టి, ఆ కణాల డీఎన్ఏలో టెరిగాప్లిక్తిస్ ముక్క కోసం వెతికే పరీక్షను వాళ్ళు తయారు చేశారు. చేప కంటికి కనిపించకపోయినా ఉన్నదీ లేనిదీ నీరే చెబుతుంది. తూర్పు కనుమల్లో వాళ్ళు పరీక్షించిన నీటి వనరుల్లో దాదాపు 60 శాతంలో ఈ చేప ఉన్నట్టు తేలింది. అక్వేరియం అందం కోసం, పాచి తింటుందని, మనదేశానికి తెచ్చిన దక్షిణ అమెరికా చేప ఇది. ఆంధ్ర జాలరులు దీన్ని దెయ్యం చేప అంటున్నారు. గట్టి పలకలు, ముళ్ళు వలల్ని చింపేస్తాయి. సంతలో కొనేవాళ్ళు ఉండరు. మెక్సికోలోని ఇన్ఫియెర్నియో జలాశయంలో ఇదే చేప పెరిగిపోయి తిలాపియా వేటమీద బతికే జాలరుల పొట్టకొట్టింది.

తొట్టి నుంచి మంజీరకు

పటాన్‌చెరు ప్రాంతపు నీటిని ఇదివరకే ప్రపంచం పరీక్షించింది. స్వీడన్ శాస్త్రవేత్త యోకిమ్ లార్సన్ బృందం 2007లో ఇక్కడి పరిశ్రమల ఉమ్మడి మురుగు శుద్ధి కేంద్రం నుంచి బయటికొచ్చే నీటిలో సిప్రోఫ్లాక్ససిన్ అనే యాంటీబయాటిక్ లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా ఉన్నట్టు ప్రకటించింది. 2017లో గండిగూడెం చెరువులో చేపలు లక్షల్లో చచ్చి తేలాయి. పరిశ్రమల కాలుష్యం మీద ఈ ప్రాంతం ఎన్నో ఏళ్ళు పోరాడింది. 1990లోనే ఆ వ్యవహారం సుప్రీంకోర్టుకు వెళ్ళింది. ఇంత దెబ్బ తిన్న చోటే అమీన్‌పూర్ చెరువును 2016లో జీవవైవిధ్య వారసత్వ స్థలంగా ప్రకటించారు. పట్టణ ప్రాంతంలో ఉన్న చెరువుకు దేశంలో అలాంటి గుర్తింపు రావడం అదే మొదటిసారి.

ఈ చెరువులు విడివిడిగా లేవు. ఒకదాని అలుగు నీళ్ళు ఇంకోదానిలో పడేలా కాకతీయుల కాలం నుంచి మన ప్రాంతంలో గొలుసుకట్టుగా తవ్వారు. పటాన్‌చెరు, బొల్లారం వైపు నీళ్ళు నక్కవాగు గుండా మంజీరలో కలుస్తాయి. మంజీర కందకుర్తి దగ్గర గోదావరిని చేరుతుంది. వానాకాలంలో ఒక చెరువులో వదిలిన చేపకు ఈ దారంతా తెరిచి ఉంటుంది. పైగా మన చెరువులకు మట్టి కట్టలే ఆధారం. గట్లలో బొరియలు తవ్వడం టెరిగాప్లిక్తిస్ నైజం.

పెంచలేక చేపను చెరువులో వదిలేవాళ్ళు చెడ్డ ఉద్దేశంతో వదలరు. ప్రాణం నిలబెట్టిన పుణ్యం దక్కుతుందనుకుంటారు. కానీ కొత్త జాతి స్థిరపడితే ఆ చెరువులోని జెల్లలు, మార్పులు, కొర్రమీను పిల్లలు చోటుకోసం, తిండికోసం దానితో పోటీపడాలి. వాటి ప్రాణాలు కూడా లెక్కలోకి రావాలి. కర్మాగారం వదిలే మురుగుకు ఒక గొట్టం ఉంటుంది, బాధ్యుడు ఉంటాడు, మూయించే అధికారం ప్రభుత్వానికి ఉంటుంది. మురుగు ఆగితే నీరు మెల్లగా కోలుకుంటుంది కూడా. పిల్లలు పెట్టడం మొదలుపెట్టిన చేపను ఆపడానికి ఏ గొట్టమూ లేదు.

అందుకని మీ తొట్టిలోని మీసాల పిల్ల పేరు తేల్చండి. కోరీ, ఆన్సిస్ట్రస్ అయితే నిశ్చింతగా పెంచుకోండి. కోరీకి మెత్తటి ఇసుక, తోటి కోరీలు కావాలి. ఆన్సిస్ట్రస్‌కు చెక్క, కూరగాయ ముక్కలు కావాలి. టెరిగాప్లిక్తిస్, పంగాసియస్ అయితే అరమీటరు, మీటరు చేపకు చోటు ఇవ్వగలిగిన వాళ్ళకో, తిరిగి తీసుకునే షాపుకో ఇవ్వండి. చెరువు చేప అనిపించినా అదే చెరువుకు తిరిగి పంపవద్దు. తొట్టిలోని జబ్బులు దానితో పాటు వెళ్తాయి, గుర్తింపులో పొరపాటు ఉంటే దిద్దుకునే వీలుండదు. ఆఫ్రికన్ రకమేమో అని అనుమానం వస్తే జిల్లా మత్స్యశాఖ కార్యాలయానికి ఫోటోలు చూపించండి. జాతి నిర్ధారణకు హైదరాబాద్‌లో జువలాజికల్ సర్వే ఆఫ్ ఇండియా మంచినీటి జీవశాస్త్ర కేంద్రం ఉంది. తొట్టి నీళ్ళను మురుగు కాలువలో కాకుండా మొక్కలకు పోయండి. తీసేసిన నాచును ఎండబెట్టి పారేయండి, తడి నాచులో గుడ్లు బతికే ఉంటాయి.

ఇంత చిన్న పిల్లకు ఇంత శ్రమ అవసరమా అనిపించవచ్చు. తూర్పు కనుమల నీళ్ళలో ఈరోజు కనిపిస్తున్న సక్కర్లు కూడా ఒకప్పుడు ఎవరి ఇంట్లోనో, ఏ షాపులోనో రెండంగుళాల పిల్లలే. అప్పుడు వాటి పేరు అడిగి, అవి ఎంత పెరుగుతాయో తెలుసుకుని కొన్నవాళ్ళు ఎక్కువమంది ఉంటే ఆ లెక్క ఇంతదాకా వచ్చేది కాదు. మంజీర ఒడ్డున ఉన్న మనకు ఆ అవకాశం ఇంకా ఉంది.